చోడవరంలో మంచు టైర్లు

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు, వచ్చింది తగ్గడానికి మాత్రం బోలెడు కారణాలు కావలసి వచ్చేవి. ఇప్పుడు కోపమంటే ఏముంది, గిన్నె కాస్త గట్టిగా పెడతాం, ఒక పూట ముభావంగా తిరుగుతాం, సాయంత్రానికి టీ పెట్టుకునేసరికి అదే పోతుంది. పెళ్లయిన కొత్తలో నా కోపం అలాంటిది కాదు. పొద్దున్న నాకంటే ముందే లేచి, జడ వేసుకుని, వీధి అరుగు మీద నా కోసం కాచుక్కూర్చునేది. పోనీ కొత్త కోడళ్లకి కోపం రావడానికి లోకంలో ఉండే మామూలు కారణాలు, అంటే అత్తగారు, ఆడపడుచు, కుళాయి నీళ్లు, వీటిలో ఏదైనా ఉందా అంటే అదీ లేదు. నా కాపురం చెడబోయింది టైర్ల మీద. మామూలు టైర్లయినా నలుగురికీ చెప్పుకోవడానికి మొహం ఉండేది. మంచులో నడిచే టైర్లు! చోడవరంలో మంచంటే ధనుర్మాసంలో పొద్దున్నే చెరకు తోటల మీద కాసేపు పొగలాగా తేలేది, అది కాకపోతే సోడా కొట్లో రంపపు పొట్టులో కప్పిపెట్టిన ఐసు దిమ్మ. ఈ రెంటి మీదా కారు నడపవలసిన అవసరం మా ఊళ్లో ఇంతవరకూ ఎవరికీ కలగలేదు.

తప్పు ఎక్కడ మొదలైందంటే పెళ్లిచూపుల్లో. మా పుట్టిల్లు రావికమతం దగ్గర ఒక చిన్న ఊరు. మర్యాదలన్నీ అయ్యాక పెద్దవాళ్లు మా ఇద్దర్నీ పెరట్లోకి పంపించారు, ఏమైనా మాట్లాడుకోమని. పెరడంటే ఒక పక్క కట్టెల మోపు, ఒక పక్క కోళ్ల గూడు. ఆయన కాసేపు కోళ్లని చూసి, "మీకేటంటే ఇష్టం?" అని అడిగారు. డిగ్రీ చదివినదాన్ని, చీరలనీ సినిమాలనీ అంటే చులకనైపోతానేమోనని, "మంచు చూడాలనుందండీ" అనేశాను. (అలాంటి కోరిక ఒకటి నాకుందని అంతవరకూ నాకే తెలీదు.) ఆయన మళ్లీ కోళ్ల వైపు చూశారు. గొంతు సవరించుకుని, "మన కార్లోనే తీసికెల్తాను. మనాలి దాకా" అన్నారు. పెళ్లి ఇంకా కుదరకుండానే ఆ మనిషి 'మన కారు' అన్నారు చూడండి, ఆ మాటకి పడిపోయాను. దానిలో చక్రాలు కూడా ఉంటాయని ఆలోచించలేదు.

మాఘమాసంలో పెళ్లయింది. మా ఆయనకి చోడవరంలో ఎరువుల షాపు. మనిషి నెమ్మది, చెడ్డ అలవాట్లు లేవు, ఒక్క కొలతల పిచ్చి తప్ప. చొక్కా జేబులో ఎప్పుడూ ఇనప టేపు ఉండేది. మా చెల్లెలు ఆయనకి 'టేపు బావ' అని పేరు పెట్టింది. కాపురానికి వచ్చిన కొత్తలోనే నా బీరువా పెట్టడానికి గోడని ఎన్నిసార్లు కొలిచారో చెప్పలేను, చివరికి బీరువా వరండాలోనే ఉండిపోయింది. అలాంటి మనిషికి మంచు ప్రయాణం అప్పగిస్తే ఏమవుతుంది? "మామూలు టైర్లతో ఎల్తే మంచు మీద జారిపోతాం. దానికి వేరే టైర్లుంటాయి. ముందు సైజు తేల్చాలి" అన్నారు. సరే, ఒక పూట పనే కదా అనుకున్నాను. అప్పటి నా అమాయకత్వం తలుచుకుంటే నా మీద నాకే జాలేస్తుంది.

అప్పట్నించి మా ఇంట్లో ఫోను మోగడం మానేసి ఉపన్యాసాలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో మోకాళ్ల లోతు మంచులో నిలబడి చక్రాల గురించి చెబుతుంటే, మా ఆయన ఒట్టి బనీనుతో కూర్చుని విసనకర్రతో విసురుకుంటూ వినేవారు. షాపుకి పొటాష్ కోసం వచ్చిన రైతులు కూడా నిలబడి చూసేవారు. ఇంటికొచ్చాక నాకు పాఠం. ఒకరోజు మా అత్తగారు వేడివేడిగా గారెలు వేస్తే, ఈయన ఒకటి తీసి పళ్లెంలో నిలబెట్టారు. "ఇది టైరనుకో. మధ్యలో ఈ సిల్లుంది సూడు, ఇది చక్రం. సిల్లు పెద్దదైతే సుట్టూ పిండి తగ్గుతాది. సిల్లు సిన్నదైతే పిండి ఎక్కువ. మంచులోకి పిండి ఎక్కువున్నదే మంచిది, మెత్తగా కూకుంటాది. కానీ గారి మొత్తం సైజు మారకూడదు. కిటుకంతా అక్కడుంది." నేను ఒక గారె నమిలి మింగి, "ఎప్పుడెళ్తామండీ?" అన్నాను. మా అత్తగారు పొయ్యి దగ్గర్నించే, "నూనిలోంచి తీసిన గారి మీద నీ సదువేటిరా! సల్లారిపోతంది, తిను ముందు" అని కేకేశారు. ఆవిడ నా పక్షమే. ఆ ఇంట్లో మొదటి నుంచీ ఆవిడా నేనూ ఒక పార్టీ.

మా చిన్న కారుకి పుట్టుకతో వచ్చిన టైర్లు నూట యాభై అయిదు, ఎనభై, పదమూడు. అంటే వెడల్పు నూట యాభై అయిదు మిల్లీమీటర్లు, ఆ వెడల్పులో నూటికి ఎనభై వంతులు టైరు అంచు ఎత్తు, లోపలి చక్రం పదమూడు అంగుళాలు. (ఇవి ఇప్పటికీ నాకు నోటికి వచ్చు. మా పెళ్లి ముహూర్తం ఎన్ని గంటలకో మాత్రం అడక్కండి.) ఆ పదమూడు చక్రానికి మంచు టైర్లు మన దేశంలో ఎక్కడా దొరకలేదట. అందుకని చిన్న చిల్లే మంచిదని గారె మీద ఒట్టేసిన మనిషే పెద్ద చిల్లుకి వచ్చారు. చక్రం పద్నాలుగు చెయ్యాలి, అది పెరిగింది కాబట్టి పైన పిండి తగ్గించాలి, వెరసి నూట డెబ్భై అయిదు, అరవై అయిదు, పద్నాలుగు. ఇది తేలడానికి ఉగాది వచ్చింది. పచ్చడి గిన్నె చేతికిస్తూ, "అక్కడ మంచు కరిగిపోతోందటండీ" అన్నాను. "పై కొండల మీద ఉంటాదిలే. కొలతల్లో తొందర పడకూడదు" అన్నారు. నా చేతిలో ఉన్నది వేపపువ్వు పచ్చడి కాబట్టి సరిపోయింది, ఇంకేదైనా బరువైన వస్తువు అయితే ఈ జ్ఞాపకం మరోలా ఉండేది.

మంచి చెప్పేవాళ్లు లేకపోయారా అంటే, ఉన్న ఒక్క నిపుణుడూ గాలి మావ. బజారు రోడ్డు పక్కన చక్రాలకి గాలి కొట్టి, పంక్చర్లు వేసే పెద్దమనిషి. ఆయనైనా ఈయన్ని కాస్త కసురుతాడని ఆశపడి ఒకరోజు వెంట వెళ్లాను. కసరడం మాట దేవుడెరుగు, కథంతా విని ఆయన కళ్లు మెరిసిపోయాయి. "మన సోడారం మొత్తానికి మొదటి బండి మనదే అవుతాది బాబూ! పెద్దయి ఏసేద్దాం. బండి ఏనుగులాగుండాల!" అన్నాడు. ఇద్దరూ చెట్టపట్టాలేసుకుని కారు చుట్టూ టేపుతో ప్రదక్షిణం చేస్తుంటే, నేను ఎండలో నిలబడి పళ్లు నూరుకున్నాను.

విశాఖపట్నంలో ఎవరో బయటి దేశాల టైర్లు తెప్పించి అమ్మే ఆయన దొరికాడు. వైశాఖంలో, పిట్ట కూడా ఎగరని మిట్టమధ్యాహ్నం, లారీ ఆఫీసు నుంచి ఆటోలో నాలుగు టైర్లు దిగాయి. మా అత్తగారు పసుపు, కుంకుమ తెచ్చి వాటికి బొట్లు పెట్టారు. మా ఆయన కళ్లద్దాలు పెట్టుకుని అంచు మీద అచ్చు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివి, మెట్టు మీద కూర్చుండిపోయారు. నూట డెబ్భై అయిదు ఉంది. పద్నాలుగు ఉంది. మధ్యలో అరవై అయిదు ఉండవలసిన చోట ఎనభై ఉంది. అంటే చిల్లు పెరిగింది, పిండీ పెరిగింది. గారె కాదు, దిబ్బరొట్టె. వెంటనే ఫోను చేస్తే ఆ అమ్మినాయన, "సైజు అదే కదా సార్. మధ్యలో నంబరొక్కటే తేడా. ఇచ్చిన సరుకు వెనక్కి తీసుకోం" అన్నాడట. "ఆ లెక్కన మీ అమ్మగారికీ నాకూ కూడా వయసొక్కటే తేడా!" అని మా ఆయన మీద అరిచాను. ఆయన టైరుని ఓసారి తట్టి, "ఎత్తుంటే మంచిదేలే. రాళ్లు తగలవు" అన్నారు. అప్పటికే పద్నాలుగు అంగుళాల చక్రాలు కొని గాలి మావ దగ్గర పెట్టి ఉన్నాయి మరి.

ఎక్కించారు. మా కారుకి ఎవరో చీర కుచ్చెళ్లు ఎత్తి దోపినట్టు అయింది. మా అత్తగారు ఎక్కాలంటే వంటింట్లో పీట తెచ్చి వెయ్యవలసి వచ్చేది. గడ్డ కట్టే చలి కోసం మెత్తగా చేసిన రబ్బరుని మా రోహిణి కార్తె ఎండలో నిలబెడితే ఏమవుతుంది, మాడుగుల హల్వా అయింది, వేలితో నొక్కితే గుంట పడేటట్టు. అవన్నీ సహించవచ్చు. అసలు తంటా ఏమిటంటే, కారు ఎడమ పక్క ముందు మడ్‌గార్డు అంతకు ముందు ఏడాది చెరకు ట్రాక్టరు తగిలి లోపలికి నొక్కుకుపోయి ఉంది. చిన్న చక్రం ఉన్నన్నాళ్లూ అదెవరికీ పట్టలేదు. ఈ భారీ చక్రం వచ్చాక, స్టీరింగు కుడి వైపు తిప్పితే ఎడమ టైరు వెళ్లి ఆ నొక్కుకి తగిలి, కోడిని పట్టుకున్నట్టు కీచుమని ఆగిపోయేది. ఎడమకి ఎంతైనా తిరుగుతుంది. కుడికి తిరగదు. ఈ సంగతి మా ఆయనకి తెలుసు. నాకు చెప్పలేదు.

మా పిన్ని కూతురి నిశ్చితార్థం. మా పుట్టింటి వైపే, సాయంత్రం. పెళ్లినాటి పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని, ఏనుగు ఎక్కినట్టు ఆ కారెక్కాను. జంక్షన్‌లో కుడికి తిరగాలి. ఆయన తిన్నగా పోనిచ్చారు. "అటు కదండీ!" అన్నాను. "తెలుసు. మూడెడమలు కలిస్తే ఒక కుడి" అన్నారు, ఏదో శ్లోకం చెప్పినట్టు. మొదటి ఎడమ బజారులోకి తిరిగింది. రెండో ఎడమ చేపల సందులోకి. (మే నెల సాయంత్రం, చేపల సందు, పట్టుచీర. ఎక్కువ చెప్పను.) మూడో ఎడమ మమ్మల్ని తిన్నగా తీసుకెళ్లి ఒక గేదెల పాక ముందు నిలబెట్టింది. సందు అక్కడితో సరి. ఎదురుగా ఒక గేదె, దాని కింద చెంబు పెట్టుకుని పాలు పితుకుతూ ఒక ముసలమ్మ. కారు ముక్కుకీ గేదె ముక్కుకీ మధ్య జానెడు ఎడం. వెనక్కి పోనిద్దామంటే సందులో ఎవరో బండి అడ్డం పెట్టేశారు.

నేను తలుపు తీసి పేడలోకి దిగాను. ఎందుకు కుడికి తిరగలేదని అడిగాను. ఆయన నేల చూపులు చూస్తూ మడ్‌గార్డు సంగతి చెప్పారు. చెప్పి, "ఇంకో నాలుగు మిల్లీమీటర్లు తగ్గుంటే..." అన్నారు. ఆ మిల్లీమీటర్ల దగ్గర నాలో ఏదో తెగింది. మాఘమాసం నుంచి మూటగట్టినదంతా ఒక్కసారి వచ్చేసింది. "నువ్వూ నీ టైర్లూ నీ గారెలూ! మనిషివేనా నువ్వు! నిన్ను మంచడిగిన నా నోరుని అనాల! సోడారం జంక్షన్లో కుడికి తిరగలేనోడివి మనాలి తీసికెల్తావా? అక్కడ కొండలన్నీ ఎడమకే ఉంటాయని రాసిచ్చేరా నీకు?" పెళ్లయినప్పట్నించీ 'మీరు', 'ఏవండీ' తప్ప ఎరగని నా నోట 'నువ్వు' ఎన్నిసార్లు వచ్చిందో. ఆయన తెల్లబోయి చూస్తున్నాడు. (గమనించారా, ఇక్కణ్ణించి 'అన్నారు' లేదు, 'అన్నాడు' మాత్రమే. ఆ గేదెల పాక దగ్గర పోయిన 'రు' మళ్లీ దొరకలేదు.) ముసలమ్మ చెంబు పట్టుకుని లేచింది. "ఒసే అమ్మా, ఆ అరుపులేవో జంక్షన్‌కెల్లి అరుసుకోండి. గేది పాలు సేపట్లేదు" అంది. నేను పేడ కాళ్లతోనే నడుచుకుంటూ జంక్షన్‌కి వచ్చి, షేర్ ఆటోలో మూడు బస్తాల ఉల్లిపాయల మధ్య కూర్చుని పుట్టింటికి వెళ్లిపోయాను. నిశ్చితార్థం అప్పటికి అయిపోయింది.

పుట్టింట్లో ఓదారుస్తారనుకున్నాను. మా నాన్న నన్ను పైనుంచి కిందకి చూసి, "ఏటైందే? సెయ్యి సేసుకున్నాడా?" అన్నాడు. లేదన్నాను. "తాగొచ్చేడా?" లేదన్నాను. "మరేటి?" "టైర్లు నాన్నా." మొత్తం ఏడుస్తూ చెప్పాను. మా నాన్న శ్రద్ధగా విని, గడ్డం గోక్కుని, "ఎంత సైజన్నావు?" అన్నాడు. కన్నతండ్రి! నేను లోపలికెళ్లి తలుపేసుకున్నాను. తలుపు అవతల్నించి, "కాదే, ఎనభై అంటే మరీ పెద్దది కదా అని..." అనడం వినబడింది. మగవాళ్లందరి మీదా కోపం వచ్చింది. మా అమ్మ అన్నం తినమని పిలిస్తే ఆవిడ మీదా వచ్చింది. ఆ మర్నాటి నుంచి మా ఆయన ఫోన్లు. మొదటి ఫోను ఎందుకనుకున్నారు, క్షమించమనా? "ఇదిగో, అరవై అయిదు దొరికేలాగున్నాయి" అని. పెట్టేశాను. మా అత్తగారు చేశారు. "నువ్వు రాకే. ఆడికి బుద్ధి రావాల. నాను పచ్చడి మెతుకులే పెడతన్నాను" అన్నారు. ఆవిడతో మాట్లాడితేనే కాస్త ప్రాణం కుదుటపడింది.

రోహిణి వెళ్లి మృగశిర వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం మబ్బు కమ్మేసి, చినుకులు మొదలయ్యాక ఫోను. "వస్తన్నాను. బయల్దేరేను" అన్నాడు, అంతే. ఏ టైర్లతో అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. మొహం కడుక్కుని బొట్టు పెట్టుకున్నాను. (కోపం తగ్గి కాదు, కోపం బాగా కనబడాలని.) మా ఊరు మెయిన్ రోడ్డుకి కుడి పక్కన. చిన్న కల్వర్టు దాటి సందులోకి తిరగాలి. సందు మొగలో నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. నా వెనక అమ్మ, నాన్న, చెల్లెలు, ఇరుగుపొరుగు, గొడుగులు వేసుకుని మరీ. అదిగో, వానలో అంత దూరాన ఎత్తుగా కనబడింది, అదే కారు, అవే టైర్లు. వెనకాల హారన్ కొట్టుకుంటూ బస్సు. కారు మా కల్వర్టు దగ్గర నెమ్మదించింది. కీచుమని అరిచింది. బస్సు తరుముతోంది. కారు అద్దం దిగింది, మా ఆయన తల బయటికి పెట్టి, "తిరగట్లేదే! ముందుకెల్లి తిరిగొస్తాను!" అని కేకేసి, మా అందరి ముందు నుంచీ తిన్నగా వెళ్లిపోయాడు. బస్సులో జనం కిటికీల్లోంచి నన్నే చూస్తూ వెళ్లారు. మా చెల్లెలు గొడుగుతో సహా కూలబడి నవ్వింది. ఆ క్షణంలో భూమి చీలినా నేను అందులోకి వెళ్లేదాన్ని కాను. ఆయన్ని తోసేదాన్ని.

తిరిగి వస్తే మా సందు ఎడమ పక్కనే వస్తుంది, లెక్క సరిగానే ఉంది. కానీ రాలేదు. వాన పెరిగింది. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మా నాన్న, "వచ్చేస్తాడులే, తిరగడానికి సోటు దొరకొద్దా?" అని చుట్ట వెలిగించుకున్నాడు. ఆ చుట్ట చూసి నాకు ఒళ్లు మండింది. అటు పక్కంతా రోడ్డు వార కాలువ. కొత్త నీళ్లు వచ్చి ఎర్రగా పారుతోంది. ఇంక నిలబడలేకపోయాను. గొడుగు తీసుకుని రోడ్డెక్కి, రోలుగుంట వైపు నుంచి వస్తున్న ఆటో ఆపాను. "బాబూ, దారిలో ఎత్తు సక్రాల కారేటైనా కనబడిందా?" అంటే, డ్రైవరు, "ఆ ఏనుగు కారా అమ్మా? ఇందాకట్నించి దాన్నే అనుకుంటన్నాం. సెరుకు తోటల్లోకి దిగిపోయింది" అన్నాడు. దిగిపోయింది అన్న మాటకి నా గుండె కాలువలో పడింది. ఆటోని వెనక్కి తిప్పించి, అందులో కూర్చుని ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను, కానీ తిట్టుకీ తిట్టుకీ మధ్యలో మా ఊరి దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

రోడ్డు దిగి, ఎడమ పక్క తోటల మధ్య మట్టి బాటలో కారు ఒక పక్కకి వొరిగి ఉంది. డ్రైవరు వైపు తలుపు తెరిచి ఉంది. లోపల మనిషి లేడు. "ఏవండీ!" అని అరిచాను. చూశారా, భయం వేస్తే 'అండీ' వచ్చేసింది. కారు అవతలి నుంచి ఒక బురద చెయ్యి లేచింది. మనిషి చక్రం దగ్గర గొంతుక్కూర్చుని కర్రపుల్లతో బంకమట్టి పెకలిస్తున్నాడు. మంచుని పట్టుకోవడానికని లోతుగా కోసిన గాట్లు కదా, మా రేగడిని వదల్లేదు. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ఎటూ సందు లేదు, ఆ కాస్తలోనూ మట్టి దట్టంగా కూరుకుపోయి, చక్రం తిరగడమే మానేసింది. మనిషి క్షేమంగా ఉన్నాడని కళ్లతో చూశాను, ఇంకేముంది, పోయిన కోపం రెట్టింపై వచ్చింది. "ఫోనెందుకు ఎత్తలేదు?" అని మొదలుపెట్టి, గొడుగు పక్కన పారేసి, గేదెల పాక దగ్గర మిగిలిపోయినవి కూడా కలిపి తిట్టాను. ఆయన మట్టి పెకలిస్తూనే ఉన్నాడు. "పాత టైర్లు ఏసుకుని, రైలెక్కి, ఎప్పుడో ఎల్లొచ్చేసేవోళ్లం! ఈ సైజుల గొడవ ఎందుకు పెట్టేవు?" అన్నాను.

అప్పుడు ఆయన లేచి నిలబడ్డాడు. పెళ్లయ్యాక మొదటిసారి ఆయన గొంతు పెద్దదైంది. "నాకు బయ్యం! కొండ రోడ్డంటే నాకు బయ్యం! పాడేరు ఘాటీలో ఒకపాలి సగం దాకా ఎల్లి, సేతులు వొణికిపోయి, తిరిగొచ్చేసేను. ఇంకా మంచులో ఏటి నడుపుతాను? ఆ రోజు నువ్వు అంత ముచ్చటగా మంచన్నావని మాట జారేను. సైజు తేలలేదంటే ఇంకో వారం ఆగొచ్చు కదా అని..." వాన ఆయన మొహం మీంచి బురద కడిగేస్తోంది. గొంతు తగ్గించి, "సరైన సైజు దొరికితే బయ్యం పోతాదేమో అనుకున్నాను" అన్నాడు.

నేనేం చేశానో చెప్పమంటారా? కరిగిపోలేదు. వంగి, రెండు చేతులా బురద ముద్ద తీసి, ఆయన చొక్కా మీద కొట్టాను. "ఆ ముక్క మొదటే సెప్తే నాకేటి పోయేది!" "నవ్వుతావని." "నవ్వనా మరి! నవ్వి ఊరుకునేదాన్ని కదా! ఇప్పుడు సూడు!" అని ఇంకో ముద్ద కొట్టాను. అది తగల్లేదు, కారు అద్దానికి తగిలింది. ఆయన కూడా వంగి ఒక ముద్ద తీశాడు. దాన్ని పట్టుకుని, ఎక్కడ వెయ్యాలో తెలియక, కాసేపు నిలబడి, మళ్లీ కింద పెట్టేశాడు. అదిగో, అప్పుడు నాకు నవ్వొచ్చింది. కోపంగానే నవ్వాను. తర్వాత ఇద్దరం చెరో చక్రం దగ్గరా కూర్చుని మట్టి పెకలించాం. పెకలించినంతసేపూ నేను సణుగుతూనే ఉన్నాను, ఆయన "ఊఁ" కొడుతూనే ఉన్నాడు. ఆఖరికి మా నాన్న ట్రాక్టరు వేసుకొచ్చి కారుకి తాడు కట్టి లాగాడు. దారిలో వెనక్కి తిరిగి, "అల్లుడూ, సైజు మరీ ఎక్కువైపోయింది" అన్నాడు.

మర్నాడే పాత చక్రాలు ఎక్కించేశాం. మంచు టైర్లని రోలుగుంట పక్క రైతు ఒకాయన ఎడ్ల బండికి పట్టుకుపోయాడు. ఎడ్లకి కుడీ ఎడమా పేచీ రాలేదట. ఆ వచ్చిన శీతాకాలంలో రైలెక్కి, అక్కడ అద్దె బండి మాట్లాడుకుని వెళ్లి మంచు చూశాం. తెల్లగా ఉంది, చేతులు కొరికేసింది, గంటలోనే నాకు వేడి చారన్నం మీదికి మనసు పోయింది. కొండ రోడ్డు మీద ఆయన కళ్లు మూసుకుని నా మోచెయ్యి పట్టుకున్న గట్టి పట్టుకి పడ్డ నీలం మచ్చ, ఆ ప్రయాణం నుంచి ఇంటిదాకా తెచ్చుకున్న ఒకే ఒక జ్ఞాపిక. ఇప్పుడు కారు నేను నడుపుతాను. పాడేరు ఘాటీ కూడా. ఆయన పక్కన కూర్చుని, "మెల్లిగా, మెల్లిగా" అంటాడు, సిగ్గుపడకుండా, పైకే.

మొన్న భోజనాల దగ్గర దేనికో గొంతు పెంచాను. మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తి, "ఏటైందమ్మా?" అంది. చెబుదామని నోరు తెరిచాను. ఎందుకు కోపం వచ్చిందో గుర్తు రాలేదు. మా ఆయన పెరుగు కలుపుకుంటూ, "కందిపప్పు గురించనుకుంటా" అని అందించాడు. ముగ్గురం నవ్వుకున్నాం. నవ్వుతూనే ఎందుకో నాకు కాస్త దిగులేసింది. అంత గొంతు, అంత పట్టుదల, ఊరంతా వింటున్నా వెనక్కి తగ్గని ఆ పిల్ల ఎటు పోయిందా అని. చెయ్యి కడుక్కున్నాక ఎవరూ చూడకుండా అద్దం ముందు నిలబడి, కనుబొమలు ముడిచి, పెదాలు బిగించి, ఆ పాత కోపపు మొహం ఒకటి పెట్టి చూశాను. కుదరలేదు. ఇంకాస్త గట్టిగా ప్రయత్నించాను. గుమ్మంలోంచి మా ఆయన తొంగి చూసి, నిజంగానే కంగారుగా, "ఏటది? పన్ను నొప్పా?" అన్నాడు.